సాక్షిని ఏమి అడగాలో నేర్పే చదువు

మిత్రులారా,

అమెరికాలోని న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ రాష్ట్రంలో 1994లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ పాఠశాలలన్నీ హోలోకాస్ట్ (నాజీలు యూదులను సామూహికంగా చంపిన ఘోరం) గురించీ, ఇతర జాతిహననాల గురించీ పిల్లలకు బోధించి తీరాలని దాని సారాంశం. అక్కడి ఎడిసన్ పట్టణంలో బడికి వెళ్లే మన పిల్లలూ ఆ పాఠాలు వింటారు. మరి చెప్పే టీచర్లు ఎక్కడ నేర్చుకోవాలి? లక్షల మంది చావు గురించి పన్నెండేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి? ఏ ఫొటో చూపించాలి, ఏది చూపించకూడదు? అలాంటి టీచర్లకు పనికొచ్చే చదువుల్లో జెనోసైడ్ స్టడీస్, అంటే జాతిహననాల అధ్యయనంలో ఇచ్చే గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఒకటి.

ఇది పెద్ద కోర్సేమీ కాదు. డిగ్రీ అయ్యాక చేసేది. మామూలుగా నాలుగు నుంచి ఆరు పేపర్లు, 12 నుంచి 18 క్రెడిట్లు. పెన్సిల్వేనియాలోని గ్రాట్జ్ కాలేజీ లాంటి చోట ఇంటినుంచే ఆన్‌లైన్‌లో పూర్తి చేయవచ్చు. ఉద్యోగం వస్తుందా అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. దీనొక్కదానితో రాదు. లా చదివినవాళ్లకూ, జర్నలిస్టులకూ, టీచర్లకూ, శరణార్థుల మధ్య పనిచేసే నర్సులకూ ఉన్న చదువుకు ఇది తోడవుతుంది. ఆ తోడు ఎంత విలువైనదో ఒక కేసు చెబితే మీకే అర్థమవుతుంది.

1994 ఏప్రిల్ 7న రువాండాలో మొదలైన హత్యాకాండ దాదాపు వంద రోజులు సాగింది. ఎనిమిది లక్షల మంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. చనిపోయినవాళ్లలో అత్యధికులు అక్కడి మైనారిటీ జాతి అయిన టుట్సీలు. తాబా అనే ప్రాంతానికి మేయరు జాన్ పాల్ అకయేసు, అంతకుముందు బడిపంతులు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. అతని మీద టాంజానియాలోని అరుషాలో, రువాండా నేరాల కోసం ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ ముందు 1997 జనవరిలో విచారణ మొదలైంది. అభియోగపత్రంలో హత్యలున్నాయి, చిత్రహింసలున్నాయి. స్త్రీల మీద జరిగిన అత్యాచారాల ప్రస్తావన మాత్రం ఒక్కటీ లేదు.

సాక్షి 'జె' అని మాత్రమే రికార్డుల్లో ఉన్న ఒక మహిళ బోనెక్కింది. మాటల మధ్యలో తన ఆరేళ్ల కూతురి మీద జరిగిన అఘాయిత్యం గురించి చెప్పింది. ఇంతకుముందు దర్యాప్తు అధికారులకు ఎందుకు చెప్పలేదంటే, వాళ్లు అడగలేదంది. ఆ తర్వాత ఇంకో సాక్షి, మేయరు ఆఫీసు దగ్గరే జరిగినవి చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు నవనీతం పిళ్లై. దక్షిణాఫ్రికాలోని దర్బన్‌లో తమిళ కుటుంబంలో పుట్టిన బస్సు డ్రైవరు కూతురు. అప్పట్లో ఆ ట్రిబ్యునల్ మొత్తానికీ ఆమె ఒక్కరే మహిళా జడ్జి. ఆమె ఆ సాక్షులను ఆపలేదు. ఇంకా ప్రశ్నలు అడిగారు. ప్రాసిక్యూషన్ 1997 జూన్‌లో అభియోగపత్రాన్ని సవరించింది. 1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. జాతిహననం నేరానికి అంతర్జాతీయ కోర్టు ఒకరిని దోషిగా తేల్చడం అదే మొదటిసారి. ఒక జాతిని నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా ఆ నేరం కిందికే వస్తుందని చెప్పిన మొదటి తీర్పూ అదే.

ఆ దర్యాప్తు అధికారులు చెడ్డవాళ్లని నేననను. వాళ్లకు ఏం అడగాలో తెలియలేదు. ఆ సర్టిఫికెట్ కోర్సుల్లో సాక్ష్యం వినడానికి అంత సమయం కేటాయించేది అందుకే. జాతిహననాల నుంచి బతికి బయటపడినవాళ్ల మాటలను సేకరించే అమెరికా సంస్థ షోవా ఫౌండేషన్ భద్రపరచిన వీడియో వాంగ్మూలాలు 50 వేలకు పైనే ఉన్నాయి. యూదులవే కాదు, రువాండావీ, కంబోడియావీ, చైనాలోని నాన్‌జింగ్‌వీ కూడా. విద్యార్థి వాటిని గంటల తరబడి వినాలి. మనిషి మాట ఆగిపోయినచోట తొందరపెట్టకుండా ఉండడం నేర్చుకోవాలి. వినేవాడి మనసుకు తగిలే దెబ్బ గురించి కూడా పాఠం ఉండాలి. అది లేకుండా ఈ సబ్జెక్టు చెప్పడం నా దృష్టిలో తప్పు.

చట్టం పేపరు ఇంకా కఠినం. 1948 డిసెంబరు 9 నాటి ఐక్యరాజ్యసమితి జాతిహనన నిరోధక ఒప్పందం ప్రకారం జాతీయత, తెగ, జాతి లేదా మతం ఆధారంగా ఏర్పడిన ఒక సమూహాన్ని పూర్తిగానో పాక్షికంగానో నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలి. రాజకీయ వర్గాలు ఆ జాబితాలో లేవు. సోవియట్ యూనియన్ మొదలైన దేశాలు ఒప్పుకోకపోవడంతో వదిలేశారు. దాని ఫలితం కంబోడియాలో చూడండి. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో 1975 నుంచి 1979 లోపు 17 లక్షల మందికి పైగా చనిపోయారు. 2018 నవంబరులో అక్కడి ప్రత్యేక కోర్టు జాతిహననం నేరాన్ని ఖాయం చేసింది వియత్నామీయుల, చామ్ ముస్లింల విషయంలోనే. సాటి ఖ్మేర్ల (ఆ దేశపు ప్రధాన జాతి) చేతిలో పోయిన లక్షలాది ఖ్మేర్ల చావులు మానవాళిపై నేరాల కింద మిగిలాయి. ఇది న్యాయమా అని తరగతిలో గట్టిగా వాదించుకోవాలి. శవాల లెక్క చూసి నేరం పేరు పెట్టే అలవాటు అక్కడ పోతుంది.

చదువుకున్నవాళ్ల గురించి కూడా ఒక మాట. రువాండాలో హత్యలకు ఉసిగొల్పిన ఆర్‌టీఎల్‌ఎం రేడియో స్థాపకుల్లో ఫెర్దినాన్ నహిమానా చరిత్ర ప్రొఫెసరు. పారిస్‌లో డాక్టరేటు చేసినవాడు. అతని కేసు విచారించిన బెంచికి అధ్యక్షత వహించింది కూడా పిళ్లైయే. జర్నలిజం విద్యార్థులు 2003 నాటి ఆ తీర్పు తప్పకుండా చదవాలి. అప్పీలులో కొన్ని భాగాలు ఎందుకు నిలబడలేదో కూడా చదవాలి.

ఇక మన దేశం. 1948 ఒప్పందాన్ని భారతదేశం 1959లో ఆమోదించింది. అరవై ఏళ్లు దాటినా దాన్ని అమలు చేసే చట్టం మాత్రం రాలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబరులో తీర్పిస్తూ ఢిల్లీ హైకోర్టు ఈ లోటును సూటిగా ఎత్తిచూపింది. జాతిహననం గానీ, మానవాళిపై నేరాలు గానీ మన నేరచట్టంలో లేవని, వెంటనే సరిచేయాలని చెప్పింది. చట్టం లేదు సరే, ఆ లోటు గురించి లోతుగా మాట్లాడగలిగే లాయర్లనైనా తయారు చేసుకోవద్దా? మనకు పక్కనే ఢాకా ఉంది. 1971 మార్చి 25 రాత్రి ఢాకా విశ్వవిద్యాలయంలోని జగన్నాథ్ హాల్ హాస్టల్లో పాకిస్తాన్ సైన్యం విద్యార్థులను కాల్చేసింది. ఆ బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం జ్ఞాపకాలను భద్రపరచిన మ్యూజియం అక్కడ 1996 నుంచి ఉంది. అమెరికా దాకా వెళ్లలేనివాళ్లు నేర్చుకోవడానికి కావలసినంత అక్కడే ఉంది.

అందుకే నా ప్రతిపాదన. మన లా, చరిత్ర, జర్నలిజం, సైకాలజీ శాఖలు కలిసి నాలుగు పేపర్ల సర్టిఫికెట్ ఒకటి మొదలుపెట్టాలి. కొత్త భవనం అక్కర్లేదు, సాయంత్రం తరగతులు చాలు. పాఠ్యపుస్తకాలు తెలుగులో లేవంటారు. అకయేసు తీర్పు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో సాక్షుల వాంగ్మూలాలున్న భాగాన్ని ముందుగా తెలుగులోకి తెద్దాం. ఇంగ్లీషు, ఫ్రెంచి వచ్చినవాళ్లు ఈ సభ కాగానే నా దగ్గర పేర్లు ఇవ్వండి.