ఆ రాత్రి రంగు ఎవరినడగాలి?

అధ్యక్షులకు, సొసైటీ మిత్రులకు, ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా తర్వాత కప్పండి, ఇక్కడ ఏసీ పనిచేయడం లేదు.

సినిమా వేసేముందు పదిహేను నిమిషాల్లో ‘హాలోవీన్’ అనే ఈ స్లాషర్, అంటే కత్తి పట్టిన హంతకుడి సినిమా, చరిత్ర చెప్పమన్నారు. చెప్తాను. 1978. దర్శకుడు జాన్ కార్పెంటర్. ఖర్చు మూడు లక్షల డాలర్ల పైచిలుకు, షూటింగ్ సుమారు మూడు వారాలు. కథ జరిగేది ఇల్లినాయ్‌లో, అక్టోబరు నెలాఖరున. తీసింది కాలిఫోర్నియాలో, వసంతకాలంలో. రాలిన ఆకులు లేక కాగితం ఆకులకు రంగేసి వీధిలో చల్లారు, షాట్ కాగానే ఏరుకుని మళ్లీ చల్లారు. హంతకుడి ముసుగు రెండు డాలర్లలోపు కొన్న ‘స్టార్ ట్రెక్’ సీరియల్ హీరో కెప్టెన్ కిర్క్ ముఖం ముసుగు, దానికి తెల్లరంగు కొట్టారు. జేమీ లీ కర్టిస్‌కి ఇదే మొదటి సినిమా. చరిత్ర అయిపోయింది.

ఇక నేను వచ్చిన పని. డీన్ కండీ అని ఈ సినిమా ఛాయాగ్రాహకుడు. పోస్టర్ మీద ఆయన పేరు ఎవరూ వెతకరు. నేను మొదట దీన్ని వీడియో క్యాసెట్‌లో చూశాను. చదరపు టీవీకి సరిపెట్టడానికి వెడల్పాటి బొమ్మను రెండు పక్కలా కోసేసిన క్యాసెట్ అది. కార్పెంటర్, కండీ భయం పెట్టిందే ఆ పక్కల్లో! అమ్మాయిని ఒక వారకు నిలబెడతారు, మిగిలిన ఖాళీలో వాడున్నాడేమోనని మనం వెతుక్కోవాలి. ఆ ఖాళీనే కోసేశారు. మా గదిలో అందరూ ‘ఇంతేనా’ అన్నారు.

తర్వాత డిస్కులొచ్చాయి. 1999లో కండీనే పక్కన కూర్చోబెట్టుకుని రంగులు సరిచేయించారు. పగలు ఆకురాలు కాలపు పసుపు, రాత్రి నీలం. 2007 బ్లూరేకి వచ్చేసరికి ఆ నీలం పోయింది, అక్టోబరు కాస్తా మండువేసవి అయింది. అభిమానులు గోల పెట్టారు. 2013లో, ముప్పై అయిదేళ్ల సందర్భానికి, మళ్లీ కండీనే పిలిచారు. 2018 నుంచి బొమ్మ ఇంకా స్పష్టంగా ఉండే 4కే డిస్కులూ వస్తున్నాయి. ప్రతిసారీ అదే తగువు: ఆ రాత్రి ఎంత నీలం?

‘అభిమానుల చాదస్తం’ అంటారా? చివర్లో జేమీ లీ కర్టిస్ వేసిన లారీ అనే అమ్మాయి ఒక చీకటి గుమ్మం పక్కన ఏడుస్తూ నిలబడుతుంది. గుమ్మంలో ఏమీ లేదు. మెల్లగా తెల్లముసుగు తేలుతుంది. అక్కడ గ్రాఫిక్స్ లేవు, వెలుతురు పెంచి తగ్గించే డిమ్మర్‌కి తగిలించిన ఒక లైటును కండీ కొద్దికొద్దిగా పెంచాడు, అంతే. ‘క్లియర్‌గా ఉండాలి’ అని ఎవరో నీడల్ని తెల్లబరిచారా, ముసుగు ముందే కనబడిపోతుంది. లైటు పెంచిన మనిషి చేసిన పని గుండుసున్నా.

ఇక్కడ ముప్పైలోపు వాళ్లలో నలుపు తెలుపు ‘మాయాబజార్’ చూసినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు. చూశారా! ‘లాహిరి లాహిరి’ వెన్నెల ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టి. 1957 నాటి సినిమాకు 2010లో రంగులద్దారు. అద్దినవాళ్ల శ్రమను కాదనను, జనం వచ్చారు, నేనూ టికెట్ కొన్నాను. కానీ ఆ వెన్నెల రంగు ఎవరినడిగారు? అడుగుదామన్నా బార్ట్‌లీ అప్పటికి లేరు. కండీ ఉన్నాడు కనుక 2013లో పిలవగలిగారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్కమాట. ఆన్‌లైన్‌లో మన పాత సినిమాల్ని వెడల్పు తెరకు నింపడానికి పైనా కిందా కోసి పెడుతున్నారు. హీరోయిన్‌కి నుదురుండదు, విలన్‌కి గడ్డముండదు. అసలు స్లాషర్ అంటే అదీ! మీ దగ్గర పాత ప్రింటో, మంచి డిస్కో ఉంటే పారేయకండి, ముందు మన సొసైటీకి చెప్పండి.

ప్రొజెక్టర్ దగ్గరున్న తమ్ముడూ, రంగుల్ని గాఢం చేసే ఆ వివిడ్ మోడ్ తీసెయ్యి. కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఉంటే అదీ ఆపు. వెనక వరుసవాళ్లు కిటికీ తెరలు వేయండి. గుమ్మం సీన్‌లో ముసుగు ముందే కనబడితే మొహమాటపడకుండా అరవండి, డిస్క్ ఆపించి సెట్టింగ్ మార్పిస్తాను.