మాయకి ఖరీదుండాలి: ఫాంటసీ నవలల మీద చర్చ

సమన్వయకర్త: నమస్కారం. విజయనగరం స్టూడియోకి స్వాగతం. ఈ మధ్య చదివిన ఫాంటసీ నవలల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మనతో ఒక పాఠకురాలు, ఒక అనువాదకుడు మాస్టారు, ఒక గ్రంథపాలకుడు ఉన్నారు. మేడమ్, మీతో మొదలెడదాం. వరసగా చదివినవాటిలో మనసులో నిలిచింది ఏది?

పాఠకురాలు: బ్రాండన్ శాండర్సన్ ‘మిస్ట్‌బార్న్’ అండి, 2006లో వచ్చింది. అందులో మాయకి లెక్కుంది. లోహపు రజను మింగి, కడుపులో దాన్ని ‘మండించాలి’. ఉక్కు మండిస్తే ఎదుటి లోహాన్ని తోయొచ్చు, ఇనుము మండిస్తే లాగొచ్చు. ఒక నాణెం కింద పడేసి తోశారనుకోండి. గాల్లో ఉన్నంతసేపు నాణెమే కదులుతుంది, తేలిక కాబట్టి. అది నేలకి తగిలి ఆగిందా, ఇక కదలాల్సింది మనిషే, పైకి లేస్తాడు. గోడలో దిగ్గొట్టిన మేకుని లాగితే మేకు రాదు, తనే పోయి గోడకి కొట్టుకుంటాడు. మింగిన రజను అయిపోతే ఆ బలమంతా పోతుంది. ఈ నియమాలు ముందే తెలుసు కాబట్టి, కథానాయిక ఇరుక్కున్నప్పుడు ఎలా బయటపడుతుందో మనమూ ఊహించొచ్చు. నాకు ఆ ఊహే రుచి.

అనువాదకుడు: ఒప్పుకుంటానమ్మా. కానీ దాని జబ్బు కూడా అదే. కొన్ని పోరాటాలు చదువుతుంటే పద్దు పుస్తకం చూసినట్టుంటుంది: ఎంత మింగాడు, ఎంత మిగిలింది. మాయలో భయం ఉండాలి. ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ చూడండి. అక్కడ రోక్ దీవిలో వాన కురిపిస్తే ఆస్కిల్ దీవిలో కరువు రావచ్చు. మాంత్రికుడికి గాలిని పిలవడం చేతకాక కాదు, పిలిస్తే ఎవరి గాలి పోతుందో తెలుసు కాబట్టి ఊరుకుంటాడు. కళింగపట్నం, భావనపాడు రేవుల్లో పడవెక్కేవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

సమన్వయకర్త: ఆ ‘మాంత్రికుడు’ అనే మాట తెలుగులో ఇబ్బంది పెడుతుందంటారు కదా మాస్టారు?

అనువాదకుడు: చాలా పెడుతుందండి. మాంత్రికుడనగానే మనకి ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు గుర్తొస్తాడు. 1951 నుంచీ ఆ మాటకి విలన్ వాసనే. అంతకన్నా చిక్కు పేర్లతో. ఎర్త్‌సీలో మనిషికి అందరూ పిలిచే పేరొకటి, దాచుకునే పేరొకటి. దాచుకున్నది తెలిస్తే అవతలివాడు మనల్ని లొంగదీస్తాడు. మనకి పిలుపు పేరు, జన్మనామం ఉన్నాయి కదా అని జన్మనామం అని పెడితే తప్పయిపోతుంది. ఆ నవల కథానాయకుడికి తల్లి పెట్టిన పేరు డ్యూనీ. పదమూడో ఏట తల్లి పెట్టిన పేరు తీసేసి, చన్నీళ్ల ఊట దాటించి, గురువు చెవిలో చెప్పిన పేరు గెడ్. పుట్టుకతో వచ్చింది కాదది. నక్షత్రానికీ దానికీ సంబంధమే లేదు. ‘గుప్తనామం’ అంటే సరిపోతుంది. డ్రాగన్‌ని మాత్రం ‘మహాసర్పం’ చెయ్యకండి. మన పాముకి పుట్ట ఉంది, పాలు పోస్తాం, పూజ ఉంది. డ్రాగన్ డ్రాగనే.

గ్రంథపాలకుడు: మాయకి కట్టుబాటు ఇంగ్లీషు పుస్తకాల్లోనే ఉందనుకోకూడదు బాబూ. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలున్నాయి. ‘తోకచుక్క’ 1954లో మొదలైంది. వాటిలో సొగసంతా నెలకో మలుపులో ఉంది. ప్రతి భాగం చివర ఎవరో ఒకరు ప్రాణాపాయంలో ఉంటారు, చిత్రకారుడు ‘చిత్ర’ గారి బొమ్మ ఆ భయాన్ని పట్టి చూపిస్తుంది. ఇప్పుడు సంపుటాలుగా ఏకబిగిన చదివినవాళ్లు ‘ఇన్ని గండాలేంటి’ అని విసుక్కుంటారు. తప్పు పుస్తకానిది కాదు. నెలకొక్కటి చొప్పున వండింది ఒక్క పూటలో తింటున్నారు.

పాఠకురాలు: అది నిజం. కానీ అక్కడ మాయకి హద్దు కనపడదు కదండీ? కావలసినప్పుడు ఒక కొత్త శక్తి వచ్చేస్తుంది.

గ్రంథపాలకుడు: కొన్ని చోట్ల ఉందమ్మా, కాదనను.

సమన్వయకర్త: అమెరికన్ రచయిత్రి జెమిసిన్ పుస్తకం సంగతి?

పాఠకురాలు: ‘ది ఫిఫ్త్ సీజన్’. మూడు నవలల వరసలో మొదటిది. ఆ మూడింటికీ 2016, 17, 18ల్లో వరసగా హ్యూగో అవార్డు వచ్చింది, సైన్స్ ఫిక్షన్‌కీ ఫాంటసీకీ ఇచ్చే బహుమతి అది. భూమిని కదిలించే శక్తి ఉన్నవాళ్లు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటారు. ఒక వలయం మేర అంతా గడ్డకట్టిపోతుంది, అందులో మనిషున్నా సరే. ఖరీదంటే అదండి. పక్కవాడు చెల్లించే ఖరీదు.

అనువాదకుడు: అందులో ఒక పాత్ర కథంతా ‘నువ్వు’ అని నడుస్తుంది. తెలుగులో ‘మీరు’ అని మొదలెడితే నాలుగో పేజీకే చచ్చిపోతుంది. బిడ్డని పోగొట్టుకున్న తల్లితో మాట్లాడే గొంతు అది, ‘నువ్వు’ తప్ప ఇంకేదీ అతకదు.

సమన్వయకర్త: కొత్తగా రాసే మనవాళ్లు ఎక్కడ తప్పుతున్నారు?

గ్రంథపాలకుడు: దూరాల్లో. విజయనగరం నుంచి శ్రీకాకుళం సుమారు 70 కిలోమీటర్లు. నడిచేవాడు రోజుకి పాతికో ముప్పయ్యో నడుస్తాడు, అంటే దాదాపు మూడు రోజులు. గుర్రాన్ని పాడుచెయ్యకుండా తోలితే రోజుకి నలభై, యాభై. నాగావళి పొంగితే ఒడ్డునే కూర్చోవాలి. మన నవలల్లో రాజకుమారుడు రాత్రి భోంచేసి బయల్దేరి తెల్లారేసరికి మూడు రాజ్యాలు దాటేస్తాడు, గుర్రానికి గడ్డి కూడా వెయ్యడు. రాసేముందు కాగితం మీద పటం గీసి, ఊరికీ ఊరికీ మధ్య ఎన్ని రోజులో అంకె వేసుకుంటే సగం తప్పులు పోతాయి. పైగా ఆ రోజుల్లోనే కథ పుడుతుంది. రాత్రి ఎక్కడ పడుకున్నారు, నీళ్లెవరిచ్చారు. కాశీమజిలీ కథలు మజిలీ దగ్గర ఆగబట్టే కదా అంత సాగాయి.

సమన్వయకర్త: ఫోన్‌లో ఒక శ్రోత ఉన్నారు, టెక్కలి నుంచి.

శ్రోత: నమస్కారమండి. మా పాపకి పన్నెండేళ్లు. ఏటిచ్చి మొదలెట్టాలండి?

పాఠకురాలు: ‘తోకచుక్క’ ఇవ్వండి. చదవడం బాగా పట్టుబడ్డాక ఎర్త్‌సీ. జెమిసిన్ అప్పుడే వద్దు, అందులో పిల్లల చావులున్నాయి.

గ్రంథపాలకుడు: ఒక్కటే షరతమ్మా. రాత్రికొక భాగమే. అక్కడ పుస్తకం మూసేసి, ఇప్పుడు వీళ్లు ఎలా బయటపడతారో పాపనే చెప్పమనండి. తను చెప్పిన దారి ఓ చీటీ మీద రాసి ఆ పేజీలోనే పెట్టండి. మర్నాడు చీటీ చూశాకే తర్వాతి భాగం తెరవాలి.