నాట్ గివెన్ గురించి నాలుగు మాటలు

(నల్లగొండలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయ సిబ్బందికి, విద్యార్థులకు, వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. శాలువాలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

విదేశాల్లో చదువుకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్. దాని రీడింగ్‌లో మంచి బ్యాండ్, అంటే స్కోరు, ఎట్లా తెచ్చుకోవాలో చెప్పమన్నారు. అకడమిక్ పరీక్షలో మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. జవాబులు ఎక్కించుకోవడానికి విడిగా టైమ్ ఇవ్వరు. తప్పు రాస్తే మార్కులు కోయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి. 7 బ్యాండ్ రావాలంటే దాదాపు 30 జవాబులు కరెక్ట్ కావాలి. సాధారణంగా మూడో పాసేజీయే గట్టిది, మొదటిదాన్ని త్వరగా ముగించి దానికి టైమ్ మిగుల్చుకోండి. ఇవన్నీ మీ ఫోన్‌లోనే దొరుకుతాయి. నా బాధ వేరే.

"పాసేజీ చదవొద్దు, కీవర్డులు వెతుకు" అని ఒక కోచింగ్ సెంటర్‌లో నేర్పుతున్నారు. ఫీజు తీసుకొని మరీ! చెర్వుగట్టు జాతరలో ఎర్ర చొక్కా గుర్తుపెట్టుకొని మనిషిని వెతికినట్టుంది ఇది. పేపర్ తయారుచేసేవాళ్లకు ఈ చిట్కా తెలియదా? ప్రశ్నలోని మాటే పాసేజీలో కనబడితే సంబరపడకుండా ఆ వాక్యం మొత్తం చదవండి. "అందరూ", "ఎప్పుడూ", "కేవలం" లాంటి చిన్న మాటల దగ్గరే తిరకాసు ఉంటుంది. పేరాలకు హెడింగులు జతచేసేటప్పుడు పేరా మొదటి వాక్యాన్ని నమ్ముకోవద్దు. పాత అభిప్రాయంతో మొదలుపెట్టి, మధ్యలో "అయితే" అని తిరగేసే రచయితలు చాలామంది.

ఇక అసలు సంగతి, నాట్ గివెన్. ప్రశ్నలో ఒక వాక్యం ఇస్తారు. పాసేజీ దాన్ని అవునంటే ట్రూ, కాదంటే ఫాల్స్, ఏమీ చెప్పకపోతే నాట్ గివెన్ అని రాయాలి. ఒకసారి క్లాసుకు నేనే ఒక పాసేజీ రాసుకొని వెళ్లాను, నల్లగొండ టెక్నిక్ మీద. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన పద్ధతి అది. నీళ్లలో సున్నం, పటిక వేసి కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది, పైతేట వంపుకోవచ్చు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు తగ్గుతుందని రాశాను. "పూర్తిగా పోతుంది" అని ప్రశ్నలో ఇచ్చాను. అది ఫాల్స్, అందరూ పట్టుకున్నారు.

తర్వాతి వాక్యం: "ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను దెబ్బతీస్తాయి." మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ట్రూ అని రాసింది. నాట్ గివెన్ అన్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"మా తాత నడుము ఒంగిపోయి నేల చూస్తడు సార్. గది నాట్ గివెన్ ఎట్లయితది?"

నువ్వు చెప్పేది నిజమే బిడ్డా, కానీ ఈ పాసేజీలో ఎముకల మాట లేదు అన్నాను.

"మరి రాయాలె గద సార్, నీళ్ల గురించి రాసినోళ్లు!"

క్లాసంతా నా మొహం చూసింది. అమ్మా, అయ్యా, మీరైనా చెప్పండి, ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? పరీక్షలో ఆ జవాబుకు మార్కు పోతుంది, అది వేరే సంగతి. పాసేజీలో లేనిదాన్ని అంత పక్కాగా పట్టుకున్నది ఆ క్లాసులో ఆమె ఒక్కతే. వాళ్ల ఇంట్లో ఉన్నది కాగితం మీద ఎందుకు లేదని అడిగింది. కీవర్డులు వెతికేవాళ్లకు ఈ ప్రశ్న ఎన్నడూ రాదు.

అప్పటినుంచి ఏ పాసేజీ ఇచ్చినా పిల్లలతో రెండు ముక్కలు రాయిస్తాను: ఈ మాట ఎవరిది, ఏది చెప్పకుండా వదిలేశారు? మొదటిది యెస్, నో, నాట్ గివెన్ ప్రశ్నల్లో పనికొస్తుంది. అక్కడ అడిగేది రచయిత అభిప్రాయం. "కొందరు శాస్త్రవేత్తల వాదన" అని పాసేజీలో ఉంటే, రచయిత దాన్ని ఒప్పుకున్నాడో లేదో కిందికి చదివితే గాని తెలియదు. రెండోది నాట్ గివెన్ కోసం. మీకు ముందే తెలిసిన విషయం వచ్చిందా, అక్కడ ఇంకా జాగ్రత్త. తెలియని విషయమైతే మనం బుద్ధిగా చదువుతాం, తెలిసినదైతే సొంతంగా కలుపుకుంటాం.

తల్లిదండ్రులకు ఒక మనవి. అప్పు తెచ్చి ఫీజు కట్టే ముందు పిల్లల్ని ఈ హాలుకు పంపండి. ఇంగ్లీషు పేపర్లు ఆ బల్ల మీదే ఉంటాయి. రోజూ ఒక సంపాదకీయం టైమ్ పెట్టుకొని చదవనివ్వండి.

ఆ నీళ్ల పాసేజీ జిరాక్సులు తెచ్చాను. ఎముకల ప్రశ్న తీసేయలేదు. ఫోన్లు జేబులో పెట్టేయండి, ఇరవై నిమిషాలు ఇస్తాను. వెనక ఉన్న పెద్దలు కూడా తీసుకోవచ్చు. అమ్మా, ఆ చివరి వరుసకు అందలేదు, కొంచెం పంచండి.