చర్చ: డాలర్‌లో పిల్లాడికి చేరేదెంత?

(రాత్రి చర్చా కార్యక్రమం రాతప్రతి. ముగ్గురికీ సమాన సమయం అని మొదట్లో ప్రకటించారు. ఆ మాట ఎంత నిలిచిందో చదివేవాళ్లకే తెలుస్తుంది.)

యాంకర్: నమస్కారం. అమెరికా చర్చి సాయంతో నడిచే ఓ హాస్టల్ ఈ వారం మూతపడింది. విదేశీ నిధులు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాలేదు. 2017లో పిల్లలకు స్పాన్సర్లను చూపే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ మన దేశంలో పని ఆపేసింది. 2024లో క్రైస్తవ సేవా సంస్థ వరల్డ్ విజన్ ఇండియా రిజిస్ట్రేషన్ రద్దయింది. నా ప్రశ్న ఒక్కటే. అక్కడి విశ్వాసి డాలర్ వేస్తే ఇక్కడి పిల్లాడికి ఎన్ని పైసలు చేరుతున్నాయి? పాస్టర్ గారూ!

పాస్టర్: వందనాలండి. అక్కడి సంఘం, ఇక్కడి డయాసిస్ (బిషప్ కిందుండే సంఘాలు) లేదా ట్రస్టు కలిసి ఒప్పందం రాసుకుంటాయి. ఫీజులు, బోరు, కుట్టుమిషన్లు, ఏది ఎవరు...

ఆడిటర్: ఒప్పందం సంగతి తర్వాత. ముందు ఖాతా చూడాలి. విదేశీ సొమ్ము ఏ బ్యాంకులో పడితే ఆ బ్యాంకులో పడకూడదండీ. ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి, పార్లమెంట్ వీధిలో ఉంది, అక్కడి ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ నుంచీ ఇదే. అక్కడి నుంచి ఊళ్లోని వినియోగ ఖాతాకు తెచ్చుకోవచ్చు. ఆ ఖాతాలో మన ఊరి కానుక ఒక్క రూపాయి కూడా కలవకూడదు.

పాస్టర్: అది అందరూ చేస్తున్నదే...

ఆడిటర్: చేసి ఎక్కడ జారిపోతున్నారో చెబుతున్నా. ఆ డబ్బుపై వచ్చే వడ్డీ కూడా విదేశీ విరాళమే. ఏటా వేసే ఎఫ్‌సీ-4 రిటర్నులో దాన్ని వదిలేస్తారు, బ్యాంకు స్టేట్‌మెంటుకూ రిటర్నుకూ పొంతన కుదరదు. మార్చి 31తో ముగిసిన ఏడాదికి డిసెంబర్ 31 లోపు వెయ్యాలి. ఇంకోటి, కమిటీ ఎన్నికలై కార్యదర్శి మారతాడు. 45 రోజుల్లో ఆ మార్పు తెలిపే ఎఫ్‌సీ-6 ఫారం పెట్టాలి. మన సంఘాల్లో ఎన్నికంటే కోర్టు కేసే కదా! పాత కార్యదర్శి పాస్‌వర్డ్ ఇవ్వడు.

(నవ్వులు)

యాంకర్: పైసల దగ్గరికి రండి సార్.

ఆడిటర్: వస్తున్నా. పరిపాలన ఖర్చు ఇదివరకు 50 శాతం దాకా పెట్టొచ్చు, ఇప్పుడు 20. మేనేజరు జీతం, ఆఫీసు అద్దె, వాహనం అందులోకే వస్తాయి. బళ్లో టీచరు జీతం, ఆసుపత్రిలో డాక్టరు జీతం రావు.

యాంకర్: అంటే 80 పైసలు పిల్లాడికి చేరుతున్నట్టేగా?

ఆడిటర్: నేనలా అనలేదు.

వార్డెన్ (విశ్రాంత): ఒక్క నిమిషం బాబూ. 2020కి ముందు పెద్ద ట్రస్టుకు డబ్బొస్తే ఊళ్లోని చిన్న సంస్థకు పంచేది. ఆ పంపకం పూర్తిగా ఆగిపోయింది. రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థకైనా సరే, ఇవ్వకూడదన్నారు. ఆ చిన్న హాస్టల్ సొంతంగా రిజిస్టరు కావాలంటే మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసినట్టు చూపాలి. బియ్యం అప్పు తెచ్చుకునే చోట...

ఆడిటర్: ముందస్తు అనుమతి దారి ఉందిగా మేడమ్! దాత ఇచ్చే హామీ పత్రంతో ఎఫ్‌సీ-3బీ దరఖాస్తు వెయ్యండి. ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని.

వార్డెన్: అది వచ్చేదాకా పిల్లలు ఏం తినాలి?

యాంకర్: అదే నేనడుగుతున్నది, పైసలు!

పాస్టర్: తిండి మాట వచ్చింది కాబట్టి. 1876-78 కరువులో ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పని చేయించి కూలి ఇచ్చారు. కూడు కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది...

యాంకర్: చరిత్ర వద్దు పాస్టర్ గారూ.

పాస్టర్: మీరు అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. సాయం వేరు, మతం వేరు అని...

ఆడిటర్: కాగితం మీద కూడా వేరుగానే ఉండాలి! సాంస్కృతిక, ఆర్థిక, విద్య, మత, సామాజిక, ఈ అయిదు పద్దులే ఉన్నాయి. విద్యకని వచ్చిన డబ్బుతో ప్రార్థన మందిరానికి స్లాబు వేస్తే తనిఖీలో మొదట దొరికేది అదే. అక్కడివాళ్లు కూడా తప్పు చేస్తారు. బ్యాంకు పత్రంలో 'మిషన్ సపోర్ట్' అని రాసి పంపుతారు. అది ఏ పద్దు?

(ఇద్దరూ ఒకేసారి. వినబడలేదు.)

యాంకర్: డల్లాస్ నుంచి ప్రేక్షకుడి ప్రశ్న. తెలుగు చర్చి నేరుగా పంపొచ్చా?

ఆడిటర్: మంచి ప్రశ్న! ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరుడై ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవారికి ఇచ్చేది) తీసుకుంటే విదేశీ దాత. ఇక చర్చి పెట్టెలో వేసి పంపితే, వేసినవాళ్లందరికీ ఇండియన్ పాస్‌పోర్టులున్నా అది విదేశీ సంస్థ డబ్బే. జనం దీన్నే మరిచిపోతున్నారు. ఇంకోటి, పర్యటనకొచ్చిన బృందం పాస్టరు జేబులో నోట్లు పెడుతుంది...

పాస్టర్: జేబులో అంటారేమిటండీ!

ఆడిటర్: కవర్లో అనుకోండి. టూరిస్టు వీసా మీదొచ్చి వేదికెక్కి ప్రసంగిస్తే అదో కేసు.

వార్డెన్: ఫొటోల సంగతి ఎవరూ మాట్లాడరేం? స్పాన్సర్‌కు పిల్ల పేరు, బడి, ఊరు రాసి ఫొటో పంపుతారు, చర్చి తెరమీద వేస్తారు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ సంరక్షణలోని పిల్లల ఆనవాళ్లు బయటపెట్టొద్దంటుంది. 41 కింద హాస్టల్ నమోదు...

యాంకర్: చిన్న బ్రేక్ మేడమ్.

(బ్రేక్ తర్వాత ఫొటోల ప్రస్తావన రాలేదు. ఆడిటర్ రెన్యువల్ గురించి మాట్లాడుతూ కనిపించారు.)

ఆడిటర్: ...అయిదేళ్లకు గడువు తీరుతుంది. చివరి వారంలో పరుగెత్తితే ఎలా? రెన్యువల్ దరఖాస్తు ఎఫ్‌సీ-3సీ, గడువుకు ముందు ఆరు నెలల్లో వెయ్యాలి. ఆఫీసు బేరర్లందరి ఆధార్ కావాలి. ఆ హాస్టల్ వాళ్లు కూడా...

పాస్టర్: వాళ్ల ఫైలు మీరు చూశారా?

ఆడిటర్: చూడక్కర్లేదండీ, అన్నీ ఇంతే.

వార్డెన్: ఇది అన్యాయం బాబూ. చూడకుండా...

యాంకర్: సమయం అయిపోయింది. ముగ్గురికీ సమానంగా అవకాశం ఇచ్చాం. సార్, ఒక్క ముక్కలో చెప్పండి. డాలర్‌లో ఎన్ని పైసలు?

ఆడిటర్: ఏ పద్దు కింద అడుగుతున్నారు?

(సంగీతం. వార్డెన్ గారు ఇంకా ఏదో అంటున్నారు, మైకు ఆపేశారు.)