తాతయ్య తోలు పట్టాకి మళ్లీ పదును

నేను: నమస్కారం. ఇవాళ మా బాబాయ్ ఇంటి వసారాలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. మధ్యలో పీట మీద మా తాతయ్య సెలూన్‌లో ఉండిన తోలు పట్టా ఉంది. కత్తి పదును సరిచేసుకునే పట్టా. 30 ఏళ్లుగా ట్రంకు పెట్టెలో చుట్ట చుట్టి ఉంది. ఇది బాగవుతుందా బాబాయ్?

బాబాయ్: ఏదీ, ఇలా ఇవ్వు. చూశావా, విప్పినా మళ్లీ ముడుచుకుపోతోంది. పైన నల్లగా మెరుస్తోందే, అది మంచి మెరుపు కాదురా. కత్తి నుంచి రాలిన ఇనుప నలుసు, సబ్బు, జిడ్డు కలిసి గట్టిపడ్డాయి. అయినా మెల్లగా వంచితే తోలు పగలట్లేదు. బాగవుతుంది.

నేను: మరి అంచున ఈ గాటు?

బాబాయ్: అది నేను పెట్టిందే. మంగలి కత్తిని పట్టా మీద లాగేటప్పుడు మందంగా ఉండే వెన్ను ముందు నడవాలి, పదునున్న అంచు వెనక రావాలి. చివరికొచ్చాక వెన్నుని తోలు మీదే ఉంచి కత్తిని దొర్లించాలి. నాకప్పుడు పన్నెండేళ్లు. తొందరలో అంచు మీద తిప్పేశాను. నాన్న ఒక్క మాట అనలేదు. గాటుని బొటనవేలితో తడిమి, నా చెయ్యి పట్టుకుని మళ్లీ మొదట్నించి లాగించారు.

నేను: సానరాయి ఉండగా తోలెందుకు?

బాబాయ్: రాయి ఇనుముని అరగదీస్తుంది. ఆ తర్వాత అంచున కంటికి ఆనని సన్నటి పొర అటో ఇటో ఒరిగి ఉంటుంది. దాన్ని తోలు నిలబెడుతుంది. పట్టాకి ఒక వైపు గుడ్డ, ఒక వైపు తోలు ఉంటాయి. ముందు గుడ్డ వైపు ఓ 20 సార్లు, తర్వాత తోలు వైపు 40, 50 సార్లు. బలం పెట్టకూడదు. పట్టా మాత్రం బిగుతుగా ఉండాలి. వదులైతే తోలు అంచు చుట్టూ వంగి, ఉన్న పదును కూడా పోతుంది.

నేను: సరే, ఇప్పుడు దీన్ని ఎలా బాగుచెయ్యాలి?

బాబాయ్: నీళ్లలో మాత్రం ముంచకు. గుడ్డని తడిపి గట్టిగా పిండి, కాస్త సబ్బు రాసి తుడువు. గుడ్డ నల్లబడుతుంటే మారుస్తూ ఉండు. తర్వాత నీడలో, చదునైన చెక్క మీద పరిచి రెండు రోజులు ఆరనీ. ఎండలో పెట్టావంటే బిరుసెక్కిపోతుంది. ఆరాక 400 నంబరు ఉప్పుకాగితం చెక్కముక్కకి చుట్టి, పొడిగానే, ఒకే వైపుకి తేలిగ్గా రుద్దు. నల్లటి పొర పోయి కింద తేనె రంగు కనపడగానే ఆపెయ్. గాటు దగ్గర లేచిన తోలు కింద చెప్పులకి వాడే జిగురు సన్నగా రాసి, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచు. పొద్దున్న అక్కడ చదును చేస్తే చాలు. కత్తికి తగలకపోతే మచ్చ ఉన్నా నష్టం లేదు.

నేను: ఇక నూనె పట్టించడమేనా?

బాబాయ్: అక్కడే అందరూ చెడగొట్టేది! తోలు ఎండింది కదా అని గిన్నెడు నూనె పోస్తారు. మెత్తబడిపోయి కత్తి జిడ్డుగా ఈడుస్తుంది. తాగిన నూనెని బయటికి లాగడం చాలా కష్టం. తోలుకి వాడే నూనె నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దు, అంతే. ఆ తర్వాత రోజూ ఉత్త అరచేత్తో రుద్దు. చేతి వేడి, చర్మంలో ఉన్న జిడ్డు సరిపోతాయి. వాన పడ్డాక నేల పదును మీద ఉందంటాం చూడు, ముద్దగానూ ఉండదు, పొడిగానూ ఉండదు. తోలూ అలాగే ఉండాలి. పచ్చి తోళ్లు ఊనడాన్ని, అంటే కుళ్లకుండా తయారుచెయ్యడాన్ని కూడా పదును చెయ్యడమనే అంటారు. మన వైపు తంగేడు బెరడుతో చేసేవాళ్లు. ఆ బెరడులోని వగరే తోలుని కుళ్లకుండా కాపాడుతుంది.

నేను: ఇప్పుడు సెలూన్లలో ఇది కనపడదేం?

బాబాయ్: ఒకే కత్తి అందరికీ వాడితే రక్తం ద్వారా జబ్బులు అంటుకుంటాయి. అందుకే మనిషికో కొత్త బ్లేడు వచ్చింది, మంచిదే అయింది. నువ్వు మాత్రం నీ కత్తికే వాడుకో, ఇంకొకరిది దీని మీద లాగనివ్వకు.

నేను: అయితే శుభ్రం చేశాక మళ్లీ పెట్టెలో పెట్టేస్తాను.

బాబాయ్: పెట్టెలో ఎందుకు? వానాకాలం వస్తే బూజు పడుతుంది. నాన్న కొట్టిన మేకు ఆ గోడకి ఇంకా ఉంది. గాలి తగిలేలా దానికే తగిలించు.