అవ్వ సమాధి దగ్గర పుట్టిన ప్రశ్న
(కడపలో వివిధ సంఘాల యువతీయువకుల కూడికలో చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. ఈ హాల్లో ఆర్‌సీఎం వాళ్ళు, అంటే రోమన్ కతోలికులున్నారు. ప్రొటెస్టంట్లలో సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళున్నారు, బాప్తిస్టులు, పెంతెకోస్తు వాళ్ళూ ఉన్నారు. మనం ఇట్లా ఒక్కచోట కూర్చునేది పెళ్ళిళ్ళకూ చావులకే. నా ప్రశ్న కూడా ఒక చావు దగ్గరే పుట్టింది.

మా నాయన వైపు సీఎస్‌ఐ. అమ్మ వైపు ఆర్‌సీఎం, మరియాపురం గుడి. అవ్వ పోయినప్పుడు సమాధి దగ్గర అమ్మ వాళ్ళు జపమాల చెప్పి, ఆమె ఆత్మశాంతికి ప్రార్థించారు. నాయన వైపు పెద్దాయన ఒకరు, "చనిపోయినోళ్ళ కోసం ప్రార్థన ఏ వాక్యంలో ఉంది?" అని గట్టిగా అడిగినాడు. "మక్కబీయుల గ్రంథంలో ఉంది" అన్నాడు మా మామ. "అది బైబిలే కాదు" అన్నాడు ఆయన. అవ్వ మీద మన్ను ఇంకా పూర్తిగా కప్పలేదు. ఆ రాత్రి రెండు బైబిళ్ళూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఒకదాంట్లో 66 పుస్తకాలు, ఇంకోదాంట్లో 73.

మక్కబీయుల గ్రంథాలతో సహా ఆ ఎక్కువున్న ఏడు పుస్తకాలనూ కతోలికులు 1546లో తమ సంఘ పెద్దల ట్రెంటు మహాసభలో కలుపుకున్నారని నాకు నేర్పించారు. నేనూ పదిమందికి అదే చెప్పినాను. అది తప్పు. 1442 నాటి ఫ్లోరెన్సు మహాసభ జాబితాలో అవి ఉన్నాయి, 397 నాటి కార్తేజి సభ జాబితాలోనూ ఉన్నాయి. ప్రొటెస్టంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథరు వాటిని చింపి పారేసినాడని మా మామ వింటూ పెరిగినాడు. అదీ తప్పే. 1534లో అచ్చయిన తన జర్మను బైబిల్లో లూథరు వాటిని విడిగా, పాత, కొత్త నిబంధనల నడుమ ఉంచినాడు. లేఖనాలతో సమానం కావు గానీ చదవదగినవి అన్నాడు. ఆయనకు వెయ్యేళ్ళ ముందే బైబిలును లాటినులోకి తెచ్చిన జెరోము, యూదుల హెబ్రీ బైబిల్లో లేని పుస్తకాలను వేరుగా లెక్కగట్టినాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కూడా అవి ఉన్నాయి. 1826లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వాటి ముద్రణకు డబ్బు ఇవ్వకూడదని తీర్మానించింది. మా ఇంట్లో మూడు తరాలు కొట్లాడిన విషయం ఇది. ఇరువైపులా ఒక్కరూ ఈ చరిత్ర తెరిచి చూడలేదు.

ఇంకొకటి గమనించండి. కడపకు 1822లో లండన్ మిషను వచ్చింది. నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషను, కర్నూలుకు అమెరికన్ బాప్తిస్టులు వచ్చారు. అనంతపురం సీమలో 18వ శతాబ్దంలోనే యేసుసభ (జెస్యూట్) కతోలిక గురువులు తిరిగినారు. మన తాతలు ఏ సంఘంలో చేరాలన్నది చాలావరకు ఏ దొర ఏ ఊరికి వచ్చినాడన్న దాన్నిబట్టి తేలింది. వాళ్ళ విశ్వాసాన్ని నేను తక్కువ చేయడం లేదు, అవమానాలు పడి నిలబడినవాళ్ళు వాళ్ళు. కానీ "మా తాత సంఘం కాబట్టి ఇదే సత్యం" అనే మాట నా నోట ఇక రాదు.

"అందరూ ఒకటేలే, ఎందుకీ గొడవ" అనే మాట కూడా నాకు నచ్చదు. దివ్యబలిపూజలో అప్పం నిజంగా ప్రభువు శరీరమవుతుందని కతోలికులు నమ్ముతారు. అది జ్ఞాపకార్థమేనని బాప్తిస్టులు నమ్ముతారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఆ తేడాను దాచిపెడితే ఇద్దరినీ అవమానించినట్టే. అట్లాగని ప్రతి గోడా నిజమైన గోడ కాదు. "కతోలికులు క్రియలతో రక్షణ కొనుక్కుంటారు" అని మా ప్రొటెస్టంటు వాళ్ళు ఇంకా బోధిస్తూనే ఉన్నారు. కానీ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో కతోలిక సంఘం, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ కలిసి సంతకాలు చేశాయి: దేవుడు మనల్ని అంగీకరించేది కృపవల్లనే, మన యోగ్యతవల్ల కాదు అని. 2006లో మెథడిస్టులూ అందులో చేరారు.

నేనెక్కడ ఉన్నానంటారా? సీఎస్‌ఐలోనే ఉన్నాను. పోపు అధికారం గురించి కతోలికుల వాదన ఇంకా నన్ను ఒప్పించలేదు. ప్రభురాత్రి భోజనం విషయంలో మాత్రం "నా శరీరం నిజమైన ఆహారం" అని ప్రభువు చెప్పే యోహాను 6వ అధ్యాయం నన్ను వదలడం లేదు. ఆ అధ్యాయాన్ని కతోలికులెట్లా చదువుతారో మా పాస్టరు గారిని అడగలేదు, మరియాపురంలో ఒక ఫాదరు గారినే అడిగినాను. ఆయన రెండు గంటలు కూర్చోబెట్టుకొని చెప్పినారు.

వచ్చే శనివారం, క్రియలు లేకుండా విశ్వాసంవల్లనే అనే రోమీయులకు 3:28నూ, విశ్వాసంవల్ల మాత్రమే కాదు అనే యాకోబు 2:24నూ పక్కపక్కన పెట్టుకొని చదువుదాం. ఆర్‌సీఎం తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ బైబిళ్ళు తెచ్చుకోండి. ముందు మీరు చెప్పండి, మేము వింటాం.