సముద్రపు నాచు ఎండబెడితే ఏది పోతుంది, ఏది మిగులుతుంది?

ఎండబెట్టిన రెండు నాచు ముక్కలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండూ ఒకే పూట కోసిన పచ్చ నాచే. ఎడమ పక్కది ఇంకా పచ్చగానే ఉంది. కుడి పక్కది మాత్రం గోధుమ రంగుకి తిరిగింది. వేడికి క్లోరోఫిల్‌లోని (నాచుకి పచ్చరంగు ఇచ్చే పదార్థం) మెగ్నీషియం ఊడిపోతే ఇలాగే అవుతుంది. రంగు ఇంతగా మారిందంటే విటమిన్ సి కూడా బాగా దెబ్బతిని ఉంటుందనే అనుకోండి.

ఖనిజాల సంగతి వేరు. క్యాల్షియం, మెగ్నీషియం లాంటివి ఎండినంత మాత్రాన ఎక్కడికీ పోవు; క్లోరోఫిల్ నుంచి ఊడిన మెగ్నీషియం కూడా నాచులోనే ఉంటుంది. అసలు నష్టం కడిగేటప్పుడే. మంచినీళ్లలో నానబెడితే పొటాషియం, అయోడిన్ నీళ్లలోకి దిగిపోతాయి. అందుకే శుభ్రమైన సముద్రపు నీళ్లతో గానీ, లీటరుకి 35 గ్రాముల ఉప్పు కలిపిన చల్లటి నీళ్లతో గానీ ఇసుక వదిలేదాకా జాడించండి. చివర్లో మంచినీళ్లు ఒక్కసారి పోసి వెంటనే వంచేయండి. కెల్ప్ జాతి నాచుల్లో (పెద్దగా పెరిగే గోధుమ రంగు సముద్రపు నాచులు) మాత్రం అయోడిన్ మరీ ఎక్కువ. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు, కొన్ని రకాల్లో ఒక్క గ్రాము ఎండు నాచులోనే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. వాటిని ఉడికించి నీళ్లు పారబోయడమే మంచిది.

ఇప్పుడు ఎండబెట్టడం. నేరుగా ఎండలో వేస్తే ఖర్చు లేదు, కానీ వెలుతురు, గాలి, ఆలస్యం మూడూ కలిసి కెరోటినాయిడ్లనీ (పసుపు, నారింజ రంగు పోషకాలు) పాలీఫినాల్స్‌నీ (మొక్కల్లో, నాచుల్లో ఉండే యాంటీఆక్సిడెంట్లు) తినేస్తాయి. ఎర్ర నాచైతే రంగు వెలిసి తెల్లబడుతుంది కూడా. నీడలో వెలుతురు దెబ్బ తప్పుతుంది గానీ గాలి ఆడకపోతే నాచు జిగురెక్కి వాసన కొడుతుంది. ఫ్రీజ్ డ్రైయింగ్‌లో, అంటే గడ్డకట్టించి ఆ మంచుని గాలి తీసేసిన పెట్టెలో నేరుగా ఆవిరి చేసే పద్ధతిలో, పోషకాలు బాగా నిలుస్తాయి. అయితే ఖరీదెక్కువ, పైగా ఆ ముక్కలు స్పాంజిలా ఉండి మూత తీయగానే తేమ లాగేస్తాయి.

ఇంట్లో చేసుకునేవాళ్లకి నా ఓటు డీహైడ్రేటర్‌కే (ట్రేల మీద వేడిగాలి తోలి ఆరబెట్టే చిన్న యంత్రం). 40 నుంచి 50 డిగ్రీల మధ్య పెట్టండి. ట్రేలో ఒక్క వరుసే, ముక్క మీద ముక్క పడకుండా పరవండి. త్వరగా అవుతుందని 70కి పెంచితే విటమిన్లు పోవడం అలా ఉంచండి, మందంగా ఉన్న కాడలు పైన గట్టిపడి లోపల తడిగానే మిగులుతాయి. బూజు మొదలయ్యేది అక్కడే.

ఎండిందో లేదో తూకంతో తేల్చుకోండి. కిలో తడి నాచులో 85 శాతం నీళ్లున్నాయనుకుందాం, అంటే అసలు సరుకు 150 గ్రాములే. తేమ 10 శాతానికి దిగాలంటే తక్కెడలో దాదాపు 167 గ్రాములు చూపించాలి. ఇంకా 200 దగ్గరే ఉంటే మళ్లీ లోపల పెట్టండి. ముక్క వంచితే సాగకుండా టప్పున విరగాలి. అన్నట్టు, ప్యాకెట్ల మీద 100 గ్రాముల లెక్క చూసి ఎండు నాచులో పోషకాలు పెరిగాయనుకోకండి, నీళ్లు పోయాయంతే.

చల్లారాక గాలి చొరని గాజు సీసాలో వేసి చీకట్లో పెట్టండి. కెల్ప్ మీద తెల్లటి పొడి కనిపిస్తే కంగారుపడి పారేయకండి, అది ఎక్కువగా మానిటాల్ (నాచులో సహజంగా ఉండే ఒక రకం చక్కెర లాంటి పదార్థం), ఉప్పే. నూగులా లేచి ముక్కిన వాసన వస్తే మాత్రం బూజే, పారేయాల్సిందే. మర్నాడు సీసా లోపలి గోడ చూడండి. చెమ్మ పట్టి ఉంటే మొత్తం ట్రే మీదకి తీసి ఇంకో రెండు గంటలు ఆరబెట్టండి.